పాలపొడి డబ్బాలో ఇరవై మూడు ఓట్లు

మస్కట్ పోయొచ్చినవాణ్ణి "ఏం తెచ్చినవ్?" అని అడగడం మా కరీంనగర్ జిల్లా పల్లెల్లో మామూలు పలకరింపు. వచ్చినవాళ్ళు టేప్‌రికార్డర్ చూపిస్తారు, మెత్తటి కంబళి చూపిస్తారు, పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. నేను పద్దెనిమిది రోజులు తిరిగొచ్చి చూపించింది ఒక పాలపొడి డబ్బా. అందులో పాలపొడి కూడా లేదు. మూతకు సన్నటి చీలిక, అంచు చుట్టూ లక్క, లోపల ఇరవై మూడు కాగితం చీటీలు.

ఆ డబ్బా సంగతి చెప్పకుండా ఒమాన్ గురించి చెప్పడం నాకు చేతకాదు. అవి ఊరూరా ఆడవాళ్ళు సారా దుకాణాల మీద లేచిన రోజులు. మా ఊళ్ళోనూ లేచారు. వాళ్ళలో ముందు నిలబడింది రాజవ్వ, బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషి. దుకాణం మూయాలని ఆడవాళ్ళు, ఉండాలని మగవాళ్ళలో చాలామంది. రోజూ కొట్లాటే. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ఊరంతా ఓటేసి తేల్చుకోవాలన్నారు. సర్కారుకు దానితో సంబంధం లేదు, మాకు మేమే పెట్టుకున్న ఓటు. ఎటు ఎక్కువ పడితే అటే అని రెండు వైపులా ఒప్పుకున్నారు. అప్పుడు దుకాణం నడిపే సాయిలు ఒక కొర్రీ పెట్టాడు.

"మన మొగోళ్ళు ఇరవై మూడు మంది మస్కట్ దేశంల ఉన్నరు. వాళ్ళది ఈ ఊరు కాదా? వాళ్ళను అడుగకుంట ఎట్ల మూస్తరు?"

రాజవ్వ నింపాదిగా అంది. "అడుగుదాం. సారు సెలవులల్ల ఆడికే పోతుండు గద. ఆయన్నే అడిగి రమ్మందాం."

సారు అంటే నేనే. బడిపంతుల్ని. ఎండాకాలం సెలవుల్లో ఒమాన్ చూడబోవడం నాలాంటి తెలివైనవాడే చేస్తాడు. మా అక్క కొడుకు రవీందర్ అక్కడ విజిట్ వీసా తీశాడు, అది ఆ నెలకే దొరికింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి ఓటు అనగానే నాలో అధికారి లేచి కూర్చున్నాడు. రూల్సన్నీ నేనే రాశాను. చదువురానివాళ్ళ కోసం చీటీ మీద రెండు బొమ్మలు. మూయాలంటే తాళం, ఉండాలంటే గ్లాసు. బొమ్మ మీద రబ్బరు స్టాంపుతో అడ్డగుర్తు వేయాలి. చీటీ మీద పేరు, సంతకం, వేలిముద్ర, ఏదున్నా అది చెల్లదు. ఓటు ఎవరిదో తెలియకూడదు. సాయిలుతో, రాజవ్వతో ఆ కాగితం మీద ఒప్పుదల కూడా తీసుకున్నాను.

బయలుదేరే ముందు ఊళ్ళో ఆడవాళ్ళంతా తమ తమ మగవాళ్ళకు మామిడికాయ తొక్కు పొట్లాలు కట్టి ఇచ్చారు. రాజవ్వ ఉత్త చేతులతో వచ్చింది. ఆమె మొగుడు మల్లయ్య మస్కట్ పోయి నాలుగేళ్ళు. మొదటి రెండేళ్ళూ జాబులొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అతను పోయింది కూడా ఆ సారా మీద ఇద్దరికీ పెద్ద గొడవై, మాటా మంచీ లేకుండా పోవడమే.

"ఆయనకు ఏం పంపను సారు. చీటీ ఒక్కటియ్యి" అంది. "ఆయన గ్లాసు మీదనే ఏస్తడు, నాకెరుకే. ఎందుల ఏసిండో అడుగ. ఏసిండా లేదా, గంత చెప్పు. ఏసిండంటే ఈ ఊరు ఇంక ఆయన మనసుల ఉన్నట్టే."

## సీబ్

సీబ్ విమానాశ్రయంలో తెల్లటి నిలువు అంగీ, పూలల్లిక టోపీ పెట్టుకున్న కస్టమ్స్ కుర్రవాడు నా పెట్టె తెరిచి తొక్కు పొట్లాలకు ముక్కు మూసుకున్నాడు. తర్వాత డబ్బా తీశాడు. ఖాళీ డబ్బా, మూతకు చీలిక, పక్కన తాళం, గ్లాసు బొమ్మల చీటీలు, ఒక స్టాంపు, నీలం ఇంకు ప్యాడు. చందాల డబ్బా అనుకుని అతని ముఖం మారిపోయింది. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు అడగడం నేరమట. నా ఇంగ్లీషు, అతని ఇంగ్లీషు రెండూ మధ్యదారిలోనే ఆగిపోయాయి. చివరికి సామాన్లు మోసే ఒక మలయాళీ హిందీలో నా గోడు విని అరబ్బీలో చెప్పాడు. కుర్రవాడు చీటీని అటూ ఇటూ తిప్పి ఏదో అడిగాడు.

"నీ భార్య ఏ బొమ్మ మీద వేస్తుంది అంటున్నాడు" అన్నాడు మలయాళీ నవ్వుతూ.

"తాళం" అన్నాను.

"వాళ్ళావిడ కూడా అంతేనట" అని పెట్టె మూసి ఇచ్చారు. నా చొక్కా అప్పటికే వీపుకు అతుక్కుపోయింది.

## రూవి

మస్కట్ నగరంలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే రూవిలో దిగితే పరాయిదేశం వచ్చినట్టే ఉండదు. బోర్డుల మీద మన భాషలు కొన్ని, దుకాణాల్లో మన పప్పులు, అగరొత్తుల వాసన. చిన్న బస్సుల్ని బైజా బస్సులంటారు. వెయ్యి బైజాలు ఒక రియాల్. రెండు వందల బైజాలిచ్చి ఎక్కి, రియాల్‌కు ఎనభై రూపాయల లెక్కన మనసులో గుణించుకుని గుండె పట్టుకున్నాను. మా జగిత్యాల బస్సులో ఆ డబ్బుతో నెలలో సగం తిరగొచ్చు. రవీందర్ నవ్వి, "మామా, ఇక్కడ గుణించినోడు బతకడు" అన్నాడు. అయినా పద్దెనిమిది రోజులూ గుణిస్తూనే ఉన్నాను.

మా ఊరివాళ్ళు పదకొండుమంది ఒకే బిల్డింగ్‌లో రెండు రూముల్లో ఉంటారు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, మంచం కింద ప్రాణాలన్నీ పెట్టుకున్న సూట్‌కేసులు. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం అందరూ ఉన్నారు. నాకోసం పచ్చిపులుసు చేశారు. చింతపండులో ఉల్లిగడ్డ పిసికిన ఆ వాసనకు, అక్కడికి పోయి రెండు రోజులైనా కాని నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. తొక్కు పొట్లాలు పంచితే, ఒక్కరూ వెంటనే తినలేదు. వాసన చూసి దాచుకున్నారు.

రవీందర్‌కు భయం. "ఓటు అని గట్టిగా అనకు మామా. గుంపు కట్టిన్రని ఎవడన్న అంటే కంపెనీ ఊకోదు" అన్నాడు. కాబట్టి తలుపు వేసి, గుసగుసల్లో నా పోలింగ్ స్టేషన్ తెరిచాను. అందరి ముందూ డబ్బా బోర్లించి ఖాళీ అని చూపించి, లక్క కరిగించి మూత అతికించాను. రెండు మంచాల మధ్య లుంగీ కట్టి తెర చేశాను. తెర వెనక స్టాంపు, ప్యాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎవరు ఎంతసేపు నిలబడ్డారో కూడా చూడకూడదని నా పట్టుదల.

తాపీపని చేసే గంగారాం మాత్రం తెరలోకి పోయేముందు నా పక్కన కూలబడ్డాడు. ఇక్కడికొచ్చాక చుక్క ముట్టనివాడు.

"సారు, దుకాణం ముంగట బండ ఉన్నది గద, నల్లది. మూస్తే అది గూడ తీసేస్తరా?"

"బండ ఎందుకు తీస్తారు?"

"దాని మీద కూసుంటే ఊరంత కనబడుతది సారు. ఎవల బర్రె ఎటు పోతున్నదో, ఎవలింటికి చుట్టాలచ్చిన్రో. ఈడ డ్యూటీ ఇడిసినంక కండ్లు మూసుకుంటే నేను ఆ బండ మీదనే కూసుంట. గ్లాసు కోసం కాదు. మూసినంక ఆడ ఎవలు కూసుంటరు చెప్పు."

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ దుకాణం పక్కలో బల్లెం. ఊరు విడిచినవాళ్ళకు అది ఊరి బొమ్మలో ఒక ముక్క. రాజవ్వ ఓడిపోతుందేమోనని అప్పుడే నాకు భయం మొదలైంది.

పదకొండుమందీ వేశారు. తిరిగి టీ తాగుతుంటే చాలామంది బొటనవేళ్ళకు నీలం మరక కనిపించింది. స్టాంపు పట్టుకున్నాక ఇంకు అంటదా మరి అనుకున్నాను.

## అల్ సువైక్

సువైక్ సముద్రం పక్కన సాగిన ఖర్జూరపు తోటల ఊరు. మనవాళ్ళు ఏడుగురు రెండు తోటల్లో చేస్తారు. ఖర్జూరపు గెలలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి. మన ఈతచెట్టుకు పెద్దన్నలా ఉంటుంది ఆ చెట్టు. కాని దానికి కుండ కట్టరు, గీయరు. మా పోశెట్టి కులవృత్తికి కల్లుగీతవాడు. నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కి గెలలకు సంచులు కడుతున్నాడు. "చెట్టు అదే సారు, ఎక్కుడు అదే. పైన కుండ లేకపాయె" అన్నాడు దిగివచ్చి.

తోట యజమాని ముసలాయన. పనివాళ్ళు అర్బాబ్ అంటారు. ఊరినుంచి పంతులొచ్చాడని తెలిసి నన్ను చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, గుక్కెడు పట్టే చిన్న కప్పులో చేదు కాఫీ పోశాడు. తాగాను, మళ్ళీ పోశాడు. తాగకపోతే మర్యాద కాదని తాగాను, మళ్ళీ పోశాడు. ఆరో కప్పుకు నా గుండె దడదడలాడుతుంటే పోశెట్టి జాలిపడి, "కప్పు అటిటు ఊపుండ్రి సారు, సాలని" అన్నాడు. ఊపాను. ముసలాయన వెంటనే కప్పు తీసుకున్నాడు. మా ఇళ్ళల్లో వద్దు వద్దని విస్తరికి చేతులు అడ్డం పెట్టినా వడ్డిస్తారు కదా, ఒక్క ఊపుకు మాట విన్న ఆ పద్ధతి నాకు నచ్చింది.

డబ్బా చూసి ఆయన కుతూహలపడ్డాడు. పోశెట్టి తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. తమ దగ్గర ఈమధ్యే ఒక సభ పెట్టారని, ఊరి పెద్దలు ముగ్గురి పేర్లు పంపితే పైనుంచి ఒకరిని తీసుకుంటారని ఆయన చెప్పాడు. తర్వాత అడిగాడు, "మీ ఊళ్ళో ఏది గెలుస్తుంది?"

"తెలీదు."

"తెలియకుండానే అడుగుతున్నారా?" అని గడ్డం నిమురుకున్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఊళ్ళో బీడీలు చుట్టే ఆడది అడిగితే సముద్రం దాటి ఓట్లకోసం మనిషిని పంపారంటే ఆయనకు నమ్మశక్యం కాలేదు. నాకు మాత్రం మా ఊరి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది.

పంపుసెట్టు గదిలో ఏడు ఓట్లు పడ్డాయి. నేను బయట ఎండలో, గది వైపు వీపు పెట్టి నిలబడ్డాను. పోశెట్టి బయటికొచ్చి చేయి పంపు నీళ్ళలో కడుక్కుంటూ, "నేను మల్ల పొయ్యేదాక ఊరు నేను ఇడిసినప్పటి లెక్కనే ఉంటే బాగుండు సారు. గని అది నాకు బాగుండుడు, మా ఆడోళ్ళకు కాదు" అన్నాడు. ఎటు వేశాడో నేను ఊహించడానికి కూడా ప్రయత్నించలేదు. ప్రయత్నించలేదని ఇక్కడ రాస్తున్నానుగాని, సూర్ చేరేదాకా అదే ఆలోచన.

## సూర్ దారి

సూర్ దూరం. రవీందర్ తెలిసినవాళ్ళ పికప్‌లో కూర్చోబెట్టాడు. డ్రైవర్ మస్తాన్ కడప మనిషి, సిమెంటు బస్తాలు వేసుకుపోతున్నాడు. గడ్డిపోచ లేని రాతికొండలు గంటల తరబడి. మధ్యలో ఒక హోటల్లో పరాటా, పప్పు తిన్నాం. డబ్బు ఇవ్వబోతే మస్తాన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

డబ్బా నా ఒళ్ళోనే ఉంది. అదేంటని అడిగితే మస్తాన్‌కు సంగతి చెప్పాను. విని అన్నాడు, "నేను ఓటేసి ఏడేండ్లాయ సార్. మా ఊర్లో లిస్టులో నా పేరు కొట్టేసినారంట. మా అన్న చెప్పినాడు. మనిషి ఉండంగానే ఎట్ల కొట్టేస్తారు సార్?"

ఆర్నెల్లు ఊళ్ళో లేకపోతే అంతేనని రూలు చెప్పాను. రూలు చెప్పడం నాకు వచ్చిన విద్య.

"నాకూ ఒక చీటీ ఇయ్యండి. ఊరికే ఏస్తా. మీ సారాయి అంగడితో నాకేం పని, ఉత్తగా ఆ స్టాంపు ఏయాలని ఉంది."

"అట్లా కుదరదు మస్తాన్. లిస్టులో ఉన్నవాళ్ళకే."

"కరెక్టే లెండి" అని నవ్వి గేరు మార్చాడు. నా సంచిలో పాతికకు పైగా చీటీలు మిగిలి ఉన్నాయి. ఒకటి చేతికిచ్చి వేయించి, డబ్బాలో వేయకుండా తన జేబులోనే పెట్టుకోమని అని ఉంటే నా సొమ్మేం పోయేది? అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

## సూర్

సూర్‌లో సముద్రపు గాలి ఎండుచేపల వాసన మోసుకొస్తుంది. ఒడ్డున పెద్ద పెద్ద కొయ్య పడవలు, వాటిని చెక్కే వడ్రంగులు. ఊళ్ళో కొత్తగా లేస్తున్న దుకాణాల వరుస దగ్గర మావాళ్ళు ఐదుగురూ పనిచేస్తున్నారు. సైట్ పక్కన రేకుల రూమ్. పగటి భోజనం వేళకు చేరాను.

నలుగురు ఎదురొచ్చారు. మల్లయ్య రాలేదు. ఇటుకల చాటున కూర్చుని కుబ్బూస్ రొట్టె తింటున్నాడు. గడ్డం నెరిసింది. నేను పోయి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు.

"జాబు ఎందుకు రాయట్లేదు మల్లయ్యా?"

"నాకు రాసిచ్చెటోడు ఇంటికి పాయె సారు. ఇంకోనితోని రాయిస్తే మా ఇంటి సంగతి పదిమందికి తెలుస్తది." రొట్టె తుంచుతూ, "ఏం రాయాలె? పోయేటప్పుడు అనరాని మాటలన్న" అన్నాడు.

ఓటు సంగతి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "నా పేరు లిస్టుల తీసేసిన్రట. నాదేం ఓటు."

అది సర్కారు లిస్టనీ, మాది వేరనీ చెప్పి నోటుపుస్తకం తెరిచాను. ఒమాన్‌లో ఉన్నవాళ్ళ పేర్లు రాజవ్వ చెప్తుంటే నేనే రాసుకున్నాను. మొదటి పేరు మీద వేలు పెట్టి చదివి వినిపించాను. అతనిదే.

"నా పేరు మొదాలు రాయించిందా?"

"మొదలు నీ పేరే చెప్పింది."

అతను రొట్టె పక్కన పెట్టి, ఆ అక్షరాల మీద చేయి ఆనించి, చదువు వచ్చినట్టే చాలాసేపు చూశాడు. "తొక్కు పంపిందా" అని అడిగాడు. లేదన్నాను. "నాకెరుకే" అన్నాడు. రాజవ్వ నోట విన్న మాటే అది.

రేకుల రూమ్‌లో లుంగీ తెర కట్టాను. నలుగురు చకచకా వేసి పనిలోకి పోయారు. చివరగా మల్లయ్య వెళ్ళాడు. గోడవైపు తిరిగి కూర్చున్న నాకు బయట ఫోర్‌మన్ కేకలు వినబడుతున్నాయి. మల్లయ్య రావడం లేదు. తొందరపెట్టకూడదనేది కూడా నా రూలే. చివరికి డబ్బాలో చీటీ పడిన చప్పుడైంది. నీలం బొటనవేలిని చొక్కాకు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇసుక తట్ట ఎత్తుకున్నాడు. నేను పికప్ ఎక్కేదాకా ఇటు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నాకోసం కాదని నాకు తెలుసు. ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూస్తున్నాడు.

## ఊరు

వచ్చిన మర్నాడే బడి వరండాలో రాజవ్వ నిలబడింది. "ఏసిండా సారు?"

"వేశాడు."

ఆమె తల ఊపి, బీడీల చాట పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం ఊళ్ళో ఓట్లు పడ్డాయి. సాయంత్రం అందరి ముందూ లెక్కపెట్టాను. గ్లాసు నాలుగు ఓట్లు ఎక్కువ. సాయిలు మీసం మీద చెయ్యి వేశాడు. ఇక మిగిలింది ఒమాన్ డబ్బా. లక్క పగలగొట్టి చీటీలు బల్ల మీద పోశాను.

పోసి, నోరు వెళ్ళబెట్టాను. ఇరవై మూడులో తొమ్మిదింటి మీదే స్టాంపు గుర్తు ఉంది. పద్నాలుగింటి మీద నీలం బొటనవేలి ముద్రలు. నాకప్పుడు తెలిసొచ్చింది. అక్కడ జీతం కాగితం మీద వేలిముద్ర, లేబర్ కార్డుకు వేలిముద్ర, సెలవు కాగితానికి వేలిముద్ర. ముందర కాగితం, పక్కన ఇంకు ప్యాడు కనిపిస్తే వాళ్ళ బొటనవేలు దానంతటదే లేస్తుంది. నేను స్టాంపు గురించి ప్రతిచోటా చెప్పాను, వాళ్ళు తల ఊపారు, తెర వెనక్కి పోయి అలవాటైన పని చేశారు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది. చూడకపోవడమే నా గొప్పతనం అనుకున్నాను.

స్టాంపు వేసిన తొమ్మిదిలో తాళం ఐదు, గ్లాసు నాలుగు. ముద్రలున్న పద్నాలుగులో తాళం మీద పదకొండు, గ్లాసు మీద మూడు. అవి కలిపితే దుకాణం మూతపడినట్టే.

"రూలు మీరే రాసిన్రు సారు" అన్నాడు సాయిలు. "ముద్ర ఉంటే చెల్లదు."

ఊరంతా నా ముఖమే చూస్తోంది. నేను రాసిన కాగితం, నేను పెట్టించిన ఒప్పుదల. "చెల్లవు" అన్నాను. మూడు ఓట్లతో గ్లాసు గెలిచింది. ఆ రోజు తిన్న అన్నం నాకు ఒంటికి పట్టలేదు. తర్వాత కొన్నాళ్ళకు సర్కారే ఊరూరా సారా బంద్ పెట్టింది, సాయిలు దుకాణమూ పోయింది. నల్లబండ ఇంకా ఉంది. కాని ఆ సాయంత్రం అదంతా ఎవరికీ తెలియదు.

రాజవ్వ బల్ల దగ్గరికొచ్చింది. "చెల్లనియి మీకెందుకు సారు. మాకియ్యుండ్రి."

ఇచ్చాను. ఆడవాళ్ళు చీటీల చుట్టూ మూగారు. జాబుల చివర ఏళ్ళ తరబడి చూసిన ముద్రలు అవి. "ఇది మా ఆయనది, పాత బొబ్బ మరక సూడు." "ఇది మా తమ్మునిది, పొడుగు ఏలు." ఓటు ఎవరిదో తెలియకూడదని నేను సముద్రాల అవతల గోడలు చూస్తూ కూర్చున్నది వాళ్ళు చిటికెలో తేల్చేశారు. గ్లాసు మీద పడిన మూడింటికీ మనుషులు దొరికారు. ఒకామె నవ్వుతూ తిట్టుకుంది, తిట్టుకుంటూనే ఆ చీటీని జాకెట్‌లో దాచుకుంది.

రాజవ్వ ఒక చీటీ దగ్గర ఆగిపోయింది. ముద్ర మధ్యలో ఏటవాలుగా తెల్లటి గీత. వరికోతల్లో కొడవలికి తెగిన మల్లయ్య వేలు అది, పసుపద్ది గుడ్డ కట్టింది తానేనని తర్వాతెప్పుడో నాకు చెప్పింది. ముద్ర తాళం మీద ఉంది. బొమ్మ కనబడనంత గట్టిగా నొక్కాడు.

రాజవ్వ అరుగు చివరకు పోయి కూర్చుంది. చీటీని మోకాలి మీద పరుచుకుని, తన బొటనవేలు ఆ ముద్ర మీద ఆనించింది. జనం వెళ్ళిపోయారు, నేను బల్ల సర్దుకున్నాను, బడి తలుపులు వేశాను. ఆమె ఇంకా వేలు తీయలేదు.